కారు ఇంజిన్‌కు చల్లగాలి: కంపెనీ ఫిల్టర్ బాక్స్ తీసేయకుండానే

మే నెల, సాయంత్రం ఐదున్నర, హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్. బయట 38 డిగ్రీలు. నా ఇంజిన్‌లోకి వెళ్తున్న గాలి మాత్రం 63 డిగ్రీలని ఫోన్ చూపిస్తోంది. నేను ఏసీలో హాయిగా కూర్చుంటే, ఇంజిన్‌ని బజ్జీల బాణలి పక్కన నిలబెట్టి ఊపిరి పీల్చమన్నట్టుంది. నాది పాత హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ పెట్రోల్, టర్బో లేదు. ఆ 63ని కిందికి దించడానికి రెండు వేసవులు కుస్తీ పట్టాను. మీకు అన్ని రోజులు పట్టనక్కర్లేదు, ఒక ఆదివారం చాలు.

వేడి గాలితో వచ్చిన బాధేమిటంటే, గాలి వేడెక్కితే పలచబడుతుంది. మన ఎండల్లో మూడు డిగ్రీలకు ఒక శాతం చొప్పున తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే లెక్క సులువు. 38 దగ్గర ఉండాల్సిన గాలి 63కి చేరితే ఏడు శాతానికి పైగా పలచబడినట్టే. పైగా హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి విశాఖలో తిరిగే కారుతో పోలిస్తే మన కారుకు ఇప్పటికే ఆరు శాతం దాకా గాలి తక్కువ. ఇది చాలదన్నట్టు, లోపలికి వచ్చే గాలి బాగా వేడిగా ఉంటే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి అంటుకుని ఇంజిన్ టకటకలాడడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కారు బద్ధకంగా లాగడానికి ఏసీతో పాటు ఇదీ ఒక కారణం.

మైలేజ్ పెరుగుతుందని మాత్రం ఈ పని పెట్టుకోకండి. మామూలుగా నడిపేటప్పుడు గాలి పలచబడితే మీ కాలు యాక్సిలరేటర్‌ను ఇంకొంచెం నొక్కుతుంది, అంతే తేడా. చల్లగాలి విలువ తెలిసేది పూర్తిగా తొక్కినప్పుడే. ఓవర్‌టేక్ చేసేటప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు, నలుగురు ఎక్కి ఏసీ కూడా వేసినప్పుడు. టర్బో కార్ల కథ కొంచెం వేరు. టర్బో గాలిని నొక్కి ఎలాగూ వేడెక్కిస్తుంది, దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది. మీది టర్బో అయితే ముందు ఆ ఇంటర్‌కూలర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, పురుగులు కడగండి.

ముందు కొలవండి

కొలవకుండా మొదలుపెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. మొదటి వేసవిలో ఒక షాపుకు వెళ్తే కంపెనీ ఫిల్టర్ బాక్స్ పీకేసి, దాని స్థానంలో మెరిసే కోన్ ఫిల్టర్ బిగించారు. శబ్దం అదిరింది. బండి కూడా దూసుకుపోతున్నట్టే అనిపించింది. నెల తర్వాత, కారు సెన్సర్ల అంకెలు ఫోన్‌లో చూపించే డాంగిల్ కొని చూస్తే అదే ట్రాఫిక్‌లో 70 డిగ్రీలు. చుట్టూ బాక్స్ లేని ఫిల్టర్, రేడియేటర్ ఫ్యాన్ ఊదే వేడి గాలినే నేరుగా తాగుతోంది. శబ్దం పెరిగితే పవర్ పెరిగిందనుకోవడం మన చెవులకున్న పాత జబ్బు. పాత బాక్స్ అటక మీద దాచుకోబట్టి బతికిపోయాను.

2013 తర్వాతి కార్లలో దాదాపు అన్నింటికీ స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఓబీడీ సాకెట్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు చదివే చోటు) ఉంటుంది. అందులో బ్లూటూత్ డాంగిల్ గుచ్చి, ఫోన్‌లో ఏదైనా ఓబీడీ యాప్ వేసుకుని ‘ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్’ అన్న అంకె తెరవండి. నడుపుతూ ఫోన్ చూడకండి. తమ్ముడినో బామ్మర్దినో పక్కన కూర్చోబెట్టి కాగితం మీద రాయించండి, చాయ్ ఖర్చుతో పోతుంది.

మూడు రీడింగులు కావాలి. మొదటిది పొద్దున్నే, రాత్రంతా సెల్లార్‌లో నిలబడి చల్లారిన బండిలో, ఇంజిన్ వేయకుండా కీ మాత్రం ఆన్ చేసి. అప్పుడు ఈ అంకె, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) అంకె, సెల్లార్ వేడి మూడూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. పది డిగ్రీలు తేడా కొడితే సెన్సరే అనుమానం, ముందు దాని సంగతి చూసుకోండి. రెండోది ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు పాకాక. మెహదీపట్నం నుంచి టోలిచౌకి మీదుగా సాయంత్రం గచ్చిబౌలి వైపు వెళ్తే ఆ ఇరవై నిమిషాలు ఉచితంగా దొరుకుతాయి. మూడోది పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదో ఔటర్ రింగ్ రోడ్డు మీదో పది నిమిషాలు ఒకే వేగంతో వెళ్లాక. ప్రతిసారీ బయటి ఉష్ణోగ్రత పక్కనే రాయండి. మనకు పనికొచ్చేది ఆ రెండింటి మధ్య తేడానే.

ఇక్కడే మీ నిర్ణయం తేలిపోతుంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆ తేడా ఐదారు డిగ్రీలకు పడిపోతే మీ కారు కంపెనీ వాళ్లు పని సరిగానే చేశారు. బానెట్ మూసేసి ఇంట్లోకి వెళ్లిపోండి. ట్రాఫిక్‌లో పెరిగిందంటారా, నిలబడ్డ బండిలో సెన్సర్ తన చుట్టూ ఉన్న వేడినే చదువుతుంది, దాన్ని పూర్తిగా తప్పించలేం. ఔటర్ మీద కూడా పది, పన్నెండు డిగ్రీల తేడా అలాగే నిలబడితే మాత్రం బండి ఎక్కడో వేడి గాలి పీలుస్తోంది. నాకు బయట 38 ఉన్నప్పుడు ఔటర్ మీద 51 చూపించింది. అందుకే ఈ పని పెట్టుకున్నాను.

ముక్కు ఎక్కడుంది?

చల్లారిన ఇంజిన్ మీద బానెట్ ఎత్తండి. థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) నుంచి వెనక్కి రండి. లావు రబ్బరు గొట్టం, తర్వాత ఫిల్టర్ బాక్స్, ఆ బాక్స్ నుంచి బయటికి పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ గొట్టం. ఆ చివరిదాన్ని స్నార్కెల్ అంటారు, మా ఇంట్లో మాత్రం ముక్కు అనే పిలుస్తాం. దాని రంధ్రం ఎటు తిరిగి ఉందో టార్చ్ వేసి చూడండి. రేడియేటర్‌కు ముందు, గ్రిల్ వెనక తెరుచుకుంటే మంచిది. ఫెండర్ లోపలికి తెరుచుకున్నా ఫర్వాలేదు. నా కారులో అది హెడ్‌లైట్ వెనక, రేడియేటర్ ఫ్యాన్‌కు జానెడు దూరంలో తెరుచుకుని ఉంది.

అగరుబత్తి పొగ పెట్టి గాలి ఎటు పోతోందో చూడమని కొందరు చెబుతారు. పెట్రోల్ గొట్టాల పక్కన నిప్పుతో ఏం పని? పుల్ల చివర జానెడు ఊలు దారం గట్టిగా కట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ముక్కు దగ్గర పట్టుకోండి. ఏసీ వేస్తే ఫ్యాన్ కూడా తిరుగుతుంది. దారం ఫ్యాన్ వైపు నుంచి ముక్కులోకి వంగితే దొంగ దొరికినట్టే. వదులు చొక్కా చేతులు, చున్నీ, మెడలో గొలుసు ఉంటే దగ్గరికి పోవద్దు. ఏసీ ఆఫ్ చేసినా, ఇంజిన్ ఆపేసినా ఆ ఫ్యాన్ చెప్పకుండా తిరగొచ్చు.

ఇంకో మాట ఇప్పుడే చెప్పేస్తాను. ఇక్కడి నుంచి చేసే ప్రతి పనీ ఫిల్టర్‌కు ముందే. ఫిల్టర్ దాటాక థ్రాటిల్ దాకా ఉన్న గొట్టం జోలికి పోవద్దు. అక్కడ చిన్న సందు పడినా వడకట్టని దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతుంది. కోకాపేట, తెల్లాపూర్ వైపు రోజూ తిరిగే బండి పాత ఫిల్టర్ ఒకసారి దులిపి చూస్తే అదెంత దుమ్మో తెలుస్తుంది. పైగా మాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న కార్లలో ఆ గొట్టం లావును బట్టే ఈసీయూ గాలిని లెక్కగడుతుంది. లావు మారితే లెక్క తప్పుతుంది. ఫిల్టర్‌కు ముందు మీరేం చేసినా, అది నచ్చకపోతే విప్పేయొచ్చు.

డబ్బు పెట్టే ముందు

ఫిల్టర్ బాక్స్ మూత క్లిప్పులన్నీ పడుతున్నాయా చూడండి. సర్వీసింగ్‌లో నాలుగు క్లిప్పుల బాక్స్‌కు మూడే పెట్టి వదిలేయడం మామూలే. మూత అంచు రబ్బరు మెలి తిరిగితే సరిచేయండి. బానెట్ ముందు అంచు కింద ఉండే పొడవాటి రబ్బరు పట్టీ ఊడిందా చూడండి. రేడియేటర్ నుంచి వచ్చిన వేడి మళ్లీ ముందుకు రాకుండా ఆపేది అదే.

తర్వాత బంపర్‌కూ రేడియేటర్‌కూ మధ్య రెండు పక్కలా నల్లటి ప్లాస్టిక్ రేకులు ఉన్నాయా చూడండి. ముందు నుంచి వచ్చిన గాలి పక్కలకు జారిపోకుండా రేడియేటర్‌లోకే పంపడానికి కంపెనీ వాళ్లు వాటిని పెడతారు. బండి నిలబడి ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు వెనకటి వేడి గాలి పక్క సందుల్లోంచి తిరిగి ముందుకు రాకుండా ఆపేవి కూడా అవే. నా కారుకు కుడివైపు రేకు లేదు. ఎందుకు లేదా అని ఆలోచిస్తే మూడేళ్ల కింద ఆటో తగిలి బంపర్ మార్పించిన సంగతి గుర్తొచ్చింది. కొత్త బంపర్ వేశారు, రంగు చక్కగా కలిపారు, బిల్లు కూడా చక్కగానే వేశారు. బయటికి కనపడని రేకును మాత్రం పక్కన పడేశారు. మూడేళ్లు నేను చూసుకోలేదు. ఏసీ ట్రాఫిక్‌లో సరిగా చల్లబడట్లేదని గ్యాస్ రెండుసార్లు నింపించుకున్నాను కూడా! స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో ఆ రేకు కొని, క్లిప్పులతో బిగించాక ఆ ఒక్కదానితోనే ట్రాఫిక్ రీడింగ్ నాలుగు డిగ్రీలు దిగింది. ముందు బంపర్ ఒక్కసారైనా విప్పిన కారయితే ఇది తప్పకుండా చూడండి.

అడ్డుగోడ

ఫిల్టర్ బాక్స్‌కు ఏ వైపు నుంచి వేడి తగులుతోందో బండి తిప్పి వచ్చిన వెంటనే చెయ్యి దగ్గరగా పెడితే తెలుస్తుంది, తాకనక్కర్లేదు. చాలా కార్లలో అది రేడియేటర్ వైపు, లేదంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే వేడి గొట్టాలు) వైపు. ఆ వైపు ఒక గోడ కట్టాలి.

సామాను కోసం రాణిగంజ్ వెళ్లండి. ఒక మిల్లీమీటర్ మందం అల్యూమినియం షీట్ ముక్క, ఏసీ పైపులకు చుట్టే నల్లటి నైట్రైల్ ఫోమ్ షీట్, అల్యూమినియం ఫాయిల్ టేప్, షీటు అంచులకు తొడిగే రబ్బరు బీడింగ్. గొట్టం, హోస్ క్లిప్పులు కూడా అక్కడే దొరుకుతాయి. నేను గొట్టం కొలతలు చెబుతుంటే షాపాయన “బోరుకా అన్నా?” అన్నాడు. కారుకంటే నమ్మలేదు. అన్నీ కలిపి నాకు రెండు వేల లోపే అయింది.

షీటును నేరుగా కోయకండి. ముందు ఏదైనా పార్సిల్ వచ్చిన అట్టపెట్టె కత్తిరించి గోడ నమూనా చేయండి. పెట్టి చూడండి, కోయండి, మళ్లీ పెట్టి చూడండి. నాకు మూడు అట్టలు పోయాయి. అట్ట కుదిరాక దాన్ని షీటు మీద గీసి, రేకు కత్తెరతో కోసి, అంచులకు బీడింగ్ తొడగండి. వేడి వచ్చే వైపు మెరిసే అల్యూమినియం, బాక్స్ వైపు ఫోమ్ ఉండాలి. ఫోమ్‌ను ఎగ్జాస్ట్ వైపు పెడితే కాలుతుంది. షీటుకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య రెండు వేళ్ల సందు తప్పనిసరి. బాక్స్‌ను బిగించే బోల్టులకే చిన్న ఎల్ పట్టీలతో గోడను పట్టించండి. బాడీకి కొత్త రంధ్రాలు వేయొద్దు.

బ్యాటరీ పక్కనే బాక్స్ ఉంటే జాగ్రత్త. అల్యూమినియం షీటు కదిలి ప్లస్ టెర్మినల్‌కు తగిలిందంటే వైరింగ్ మొత్తం పోతుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ప్లస్ మీద ఎర్ర రబ్బరు మూత లేకపోతే కొని పెట్టండి. గోడ బిగించాక చేత్తో గట్టిగా ఊపి చూడండి. అది ఎటు ఊగినా టెర్మినల్‌కు చేరకూడదు.

ముక్కును ముందుకు తేవడం

గొట్టం ఎంత లావుండాలి అన్నది అందరూ అడిగేదే. 1.2 లీటర్ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర ఎక్కువలో ఎక్కువ సెకనుకు 60 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే ఇంటికి వేయించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్లు సెకనుకు మూడు. లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లుండే గొట్టం దీనికి హాయిగా సరిపోతుంది. 1.5 దాటితే 76కి వెళ్లండి. ఏదైనా సరే కంపెనీ ముక్కు రంధ్రం కంటే సన్నగా ఉండకూడదు. గాలి చల్లబడినా ఊపిరి ఆడకపోతే ఏం లాభం?

గొట్టం సిలికాన్‌దో, రేడియేటర్ హోస్‌లా వేడికి ఆగే రబ్బరుదో కావాలి. లోపల నునుపుగా ఉండాలి, పీల్పుకు నలిగిపోకుండా స్టీలు వైరు ఉంటే ఇంకా మంచిది. ప్లంబింగ్ పీవీసీ పైపు బానెట్ కింది వేడికి మెత్తబడి వంగిపోతుంది. వంటింటి చిమ్నీకి వాడే ఫాయిల్ గొట్టం నెల తిరక్కుండా చిరుగుతుంది.

రేడియేటర్ మీదున్న ప్లాస్టిక్ కవర్ విప్పండి. దాని క్లిప్పులకు నడుమ ఉండే చిన్న మేకును పైకి లాగితేనో లోపలికి నొక్కితేనో వస్తాయి, పాతబడినవి చేతిలోనే విరుగుతాయి. ఓ పది ముందే కొనిపెట్టుకోండి. కంపెనీ ముక్కు మూతికి కొత్త గొట్టం తొడగండి. మూతి కోలగా ఉంటే రబ్బరు గొట్టం చివరను బాగా మరిగిన నీళ్లలో రెండు నిమిషాలు ముంచితే మెత్తబడి ఎక్కుతుంది. హోస్ క్లిప్ బిగించండి, కింద ప్లాస్టిక్ పగిలేంత గట్టిగా కాదు. అక్కడి నుంచి రేడియేటర్ పైనున్న అడ్డపట్టీ మీదుగా గొట్టాన్ని తెచ్చి, రెండో చివర గ్రిల్ వెనక పైభాగంలో తెరుచుకునేలా పెట్టండి. బానెట్ లాక్‌కూ దాని కేబుల్‌కూ తగలకూడదు. కొన్ని కార్లలో ఫిల్టర్ బాక్స్ ఇంజిన్ మీదే ఉంటుంది, ఇంజిన్‌తో పాటు ఊగుతుంది. మీదీ అలాంటిదే అయితే గొట్టాన్ని బిర్రుగా లాగి కట్టకుండా కాస్త వదులుంచండి.

బానెట్ మూస్తే గొట్టం నలుగుతుందో లేదో ఎలా తెలుస్తుంది? వంటింట్లోంచి చపాతీ పిండి నిమ్మకాయంత తెచ్చుకోండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గొట్టం మీద ఎత్తుగా ఉన్న చోట పెట్టి, బానెట్ నెమ్మదిగా మూసి తెరవండి. ముద్ద కనీసం వేలి మందమైనా మిగిలితే సరే. అప్పడంలా నొక్కుకుపోతే గొట్టం దారి మార్చండి.

ముందు చివరకు దోమతెర కట్టొద్దు, వారానికే దుమ్ముతో మూసుకుపోతుంది. ఆకులు, కాగితాలు ఆగేలా పెద్ద కన్నాల స్టీలు జాలీ చాలు.

వాన సంగతి

కొత్త మూతి ఎత్తు కంపెనీ మూతి ఎత్తు కంటే ఒక్క అంగుళం కూడా కిందికి రాకూడదు. బంపర్ కింద, ఫాగ్ ల్యాంప్ సందులో పెడితే చల్లగాలి బాగా వస్తుందన్నది నిజమే. జూన్‌లో గంట వాన పడితే మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మనకు తెలుసు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. చెంబెడు నీళ్లు సిలిండర్లోకి పోతే పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ మొత్తం విప్పాలి. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ఆ ఖర్చు ఇవ్వవు. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకండి, తోయించి బయటికి తెండి.

నేరుగా తగిలే వాన చినుకుల కోసం గొట్టాన్ని మూతి వైపు కొంచెం కిందికి వాలేలా పెట్టండి. నడుమ ఎక్కడైనా పల్లం వస్తే ఆ అడుగున ఐదు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయండి, నీళ్లు కారిపోతాయి.

చట్టం గురించి కూడా రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ఈ గొట్టం వల్ల ఆర్‌సీలో ఏదీ మారదు. అయినా వారంటీ ఉన్న కారయితే ముక్కు జోలికి పోకుండా రేకులు, క్లిప్పుల దగ్గరే ఆగండి. కంపెనీ భాగం ఏదీ కోయకండి, పారేయకండి.

మళ్లీ కొలవండి

అదే దారి, అదే టైమ్, వీలైతే అంతే ఎండ. పని అయ్యాక నాకు ట్రాఫిక్‌లో 55, ఔటర్ మీద 43 వచ్చాయి. బయట అప్పుడు కూడా 38. ఔటర్ మీద ఎనిమిది డిగ్రీలు దిగాయి, అంటే రెండున్నర శాతం గాలి ఎక్కువ. చదవడానికి చిన్న అంకె. నార్సింగి దగ్గర ఔటర్ ఎక్కుతూ ఏసీతో మూడో గేర్లో తొక్కినప్పుడు తేడా తెలుస్తోంది, కాకపోతే మా ఆవిడకు తెలియలేదు. ఆవిడకు తెలిసింది ఏసీ బాగా పనిచేస్తోందని, ఆ క్రెడిట్ ఏడెనిమిది వందల రేకుదే.

మొదటి వంద కిలోమీటర్లు అయ్యాక బానెట్ ఎత్తి హోస్ క్లిప్పులు ఇంకో అర చుట్టు బిగించండి, వేడికి గొట్టం సర్దుకుని అవి వదులవుతాయి. గోడ అంచున బీడింగ్ ఏ వైరునైనా ఒరుసుకుంటోందా చూడండి. నాది వాషర్ మోటారు వైరును గీకుతుంటే అక్కడ సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టాను. ఫిల్టర్‌ను ఇప్పుడు మునుపటికంటే తరచుగా చూసుకోవాలి. ముందు నుంచి నేరుగా పీలుస్తోంది కాబట్టి పురుగులు ఎక్కువ పడతాయి, దసరాకు ఊరెళ్లి రాత్రి తిరిగొచ్చాక అయితే మరీనూ.